ఏడో నిబంధన మీద నేను అంటించిన చీటీ

మార్చి మొదటి సోమవారం, ఉదయం: మా సంస్థ నిబంధనావళిలో ఏడో నిబంధననూ పదకొండో నిబంధననూ మారుస్తున్నట్లు ఉద్యోగులందరికీ ఈమెయిల్ వచ్చింది. ఏడు రోజుల్లోగా అభ్యంతరం తెలపనివారు సమ్మతించినట్లే భావిస్తామన్నది అందులో చివరి వాక్యం. సభ జరపలేదు. ఎవరి చేతా చేయి ఎత్తించలేదు.

మార్చి రెండో సోమవారం, ఉదయం: గడువు ముగిసింది. సవరణ ఏకగ్రీవంగా ఆమోదం పొందిందని రెండో ఈమెయిల్ వచ్చింది.

అదే రోజు మధ్యాహ్నం: సవరణ పాఠాన్ని ముద్రించి, కత్తిరించి, సంస్థ మూల రిజిస్టరులో పాత నిబంధనల మీద అంటించడం జరిగింది. పక్కన పొడి సంతకం, తేదీ.

ఏప్రిల్ మూడో గురువారం: మా ప్రూఫ్ రీడర్ గేటు దగ్గర కార్డు ఆనిస్తే గేటు తెరుచుకోలేదు. ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. కారణం రాసివ్వలేదు.

ఏప్రిల్ చివరి శుక్రవారం: విచారణ కావాలని అడిగిన ఆమెకు, ఆ హక్కు ఇప్పుడు లేదని చెప్పారు. రిజిస్టరును నా అధీనం నుంచి తీసుకుని అలమరలో పెట్టి తాళం వేశారు.

మే, జూన్ నెలలు: నేను రాసిన మూడు ఉత్తరాలకు జవాబు లేదు. మూడింటి నకళ్ళూ నా దగ్గర ఉన్నాయి.

మూడో అంశంలో ఎవరు అంటించారో రాయలేదని గమనించే ఉంటారు. "జరిగింది" అని రాస్తే చేసినవాడు పక్కకు తప్పుకోవచ్చునన్నది ప్రభుత్వ కార్యాలయాల్లో మొదటి ఏడాదిలోనే వంటబట్టే విద్య. ఆ చీటీని అంటించినది నేను. ఆ పొడి సంతకం నాది. మిగిలినవన్నీ ఇతరులు చేసిన అన్యాయాలు. అదొక్కటి మాత్రం మా ప్రూఫ్ రీడర్‌కు నేను చేసినది. ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబుగానూ, ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీకు పనికి వస్తుందనే ఆశతోనూ ఇది రాస్తున్నాను.

నేను రాష్ట్ర న్యాయశాఖలో గుమాస్తాగా చేరిన రోజుల్లో నాకు అప్పగించిన మొదటి పని బంక పూయడం. నవ్వకండి. చట్టం మారిన ప్రతిసారీ పుస్తకాన్ని కొత్తగా అచ్చు వేయరు. మారిన వాక్యాలు మాత్రం చిన్న చిన్న చీటీలుగా అచ్చయి వస్తాయి. వాటిని కత్తెరతో కత్తిరించి, అధికారుల గదుల్లో ఉండే ప్రతి పుస్తకంలోనూ సరైన పేజీలో, సరైన వాక్యం మీద అంటించాలి. మా విభాగం కిటికీ పక్కన పొడుగాటి బల్ల, దాని మీద బంక సీసాలు, తడి గుడ్డ, ఇనుప స్కేలు ఉండేవి. ఫ్యాను వేస్తే చీటీలు ఎగిరిపోతాయని మే నెలలో కూడా ఫ్యాను వేసేవాళ్ళం కాదు. ఆ బంక వాసన ఇప్పటికీ ఎక్కడైనా సోకితే నా వయసు ఇరవై రెండుకు దిగిపోతుంది.

అవి ఎమర్జెన్సీ రోజులు. రాజ్యాంగానికి ఆ పెద్ద సవరణ వచ్చినప్పుడు చీటీలు కట్టలు కట్టలుగా దిగాయి. కొన్ని పేజీల మీద అసలు పాఠం కంటె చీటీలే ఎక్కువ. నేను ఉత్సాహం కొద్దీ చీటీ వెనక మొత్తం బంక పూసి, అరచేత్తో గట్టిగా అదిమి అంటిస్తున్నాను. వెనక నుంచి మా సూపరింటెండెంట్ గారి గొంతు వినిపించింది. ఆయన పాతబస్తీలోని శాలిబండ మనిషి. తెల్లని చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని తిరిగేవారు.

"ఏందయ్యా, గోడకు సున్నం కొడుతున్నవా?"

"చీటీ ఊడిపోకూడదని సార్."

"ఊడదు గని, లేవాలె కదా? ఎడమ అంచుకు మాత్రమే పూయి, సన్నగ. చీటీ అంటే తలుపు లెక్క ఉండాలె. తీస్తే కిందున్నది కనవడాలె."

"కిందున్నది ఇప్పుడు చెల్లదు కదండీ."

ఆయన చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఇయ్యాల చెల్లదు. రేపటి ఫికర్ నీకెందుకు? నువ్వు బంక జర తక్కువ పూయి, చాలు."

ఆ సవరణలో లోక్‌సభ పదవీకాలాన్ని ఐదేళ్ళ నుంచి ఆరేళ్ళకు పెంచారు. ఆ చీటీ నా బొటనవేలి గోరంత. దాన్ని ఎడమ అంచున బంకతో అంటించాను. ఆ సవరణ చేసిన సభ అప్పటికే తన గడువును తానే పొడిగించుకున్నది. ప్రతిపక్ష నాయకులు చాలామంది జైళ్ళలో ఉన్నారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. కాని మరుసటి సంవత్సరమే ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. రెండు మూడేళ్ళు తిరిగేసరికి ఇంకొక సవరణ, ఇంకొక గోరంత చీటీ: మళ్ళీ ఐదేళ్ళు. నేను ఆరు అన్న చీటీని పీకబోయాను. సూపరింటెండెంట్ గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"పీకకు. దాని మీదనే అంటియ్యి."

"కింద ఐదు అని ఉండనే ఉంది కదండీ. ఇది తీసేస్తే సరిపోతుంది."

"తీసేస్తే నడుమ ఆరు అని ఒకడు రాసిండని ఎవనికి తెలుస్తదయ్యా? ఐదు ఉండాలె, ఆరు ఉండాలె, మీద ఐదు ఉండాలె. మూడూ ఉంటేనే కత."

ఆ పేజీని నేను పదవీ విరమణ చేసేదాకా ఏడాదికొకసారైనా తీసి చూసేవాణ్ణి. మూడు పొరలను ఒక్కొక్కటిగా గోటితో లేపి చదివేవాణ్ణి. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో సెక్షన్ ఆఫీసరు దాకా పెరిగాను. చాలా ఫైళ్ళు రాశాను. నాకు నిజంగా వచ్చిన పని మాత్రం అదే అనిపిస్తుంది.

అరవై దాటాక మాదాపూర్‌లో ఒక చిన్న సంస్థలో చేరాను. చట్టాలన్నిటినీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కంప్యూటర్లోకి ఎక్కించి న్యాయవాదులకు అందించడం వాళ్ళ పని. వ్యవస్థాపకుడు కర్నూలు వైపు కుర్రవాడు. ముప్పై కూడా నిండలేదు. ఒక టిఫిన్ సెంటరు మీద రెండు గదులు. పెసరట్టు వాసనలో రాజ్యాంగాన్ని సరిచూసేవాళ్ళం. నేను హఫీజ్‌పేట్ నుంచి లోకల్ రైలులో వచ్చేవాణ్ణి. మెడలో గుర్తింపు కార్డు తాడు వేసుకుంటే మా ఆవిడ నన్ను చూసి స్కూలుకు పోతున్నావా అని నవ్వేది.

మొదటి నెలలోనే ఆ కుర్రవాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సార్, మన ఆఫీసుకు కూడా ఒక రాజ్యాంగం కావల్ల సార్. పెద్ద కంపెనీల్లో మాదిరి ఎవురికీ అర్థం కాని పాలసీ వద్దు. మీరు రాయండి, మేమంతా సంతకం పెడతాం."

ఆ మాటకు నా కళ్ళు చెమర్చాయని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. జీవితమంతా ఇతరులు రాసినదాని మీద చీటీలు అంటించినవాణ్ణి. మొదటిసారి నన్ను మూలపాఠం రాయమన్నారు. కోఠీకి పోయి గుడ్డ అట్ట వేసిన కాలికో బైండు రిజిస్టరు కొని తెచ్చాను. పదకొండు నిబంధనలు. వాటిలో ఏడోది: కారణం రాతపూర్వకంగా తెలపకుండా, ముగ్గురు సహోద్యోగుల ఎదుట ఆమె లేదా అతని మాట వినకుండా, ఎవరినీ ఉద్యోగం నుంచి తొలగించరాదు. పదకొండోది: ఈ నిబంధనల్లో దేన్ని మార్చాలన్నా అందరూ సమావేశమై చేతులు ఎత్తాలి, మొత్తం పనిచేసేవారిలో మూడింట రెండు వంతుల చేతులు లేవాలి. చివరి పేజీలో అందరమూ సంతకాలు చేశాము. మొదటి సంతకం వ్యవస్థాపకుడిది.

రెండుసార్లు ఆ నిబంధనావళిని పద్ధతిగా సవరించుకున్నాము. ఒకసారి భోజన విరామాన్ని అరగంట ముందుగా పెట్టుకోవడానికి. అప్పుడు మేము ఇరవై ఒక్క మందిమి. చేతులు ఎత్తమంటే పదమూడు లేచాయి. పద్నాలుగు కావాలి. వీగిపోయిందని రాయబోతున్నాను. ఇంతలో చాయ్ పెట్టే అక్క గ్లాసులు కడుగుతున్నదల్లా తడి చెయ్యి పైకెత్తి గుమ్మంలో నిలబడింది. "నన్ను లెక్కవెట్టిండ్రా లేదా? నాకు గూడ ఆకలైతది." ఆ చేతి నుంచి నీళ్ళు కారి ఆమె మోచేతి దాకా వచ్చాయి. పద్నాలుగు. చీటీ రాసి, ఎడమ అంచున బంక పూసి అంటించాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంతకంటె సంతోషంగా నేను ఏ చీటీనీ అంటించలేదు.

మా ప్రూఫ్ రీడర్ సంగతి చెప్పాలి. ఖాజాగూడ ఊరి మనిషి. ఆ బండలూ చెరువూ తప్ప చుట్టూ ఏమీ లేని రోజుల నుంచీ ఆ ఊళ్ళో ఉన్న కుటుంబం. ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని వరుస వరుసా చదివేది. కామా తప్పిపోయినా ఆమె కన్ను ఆగేది. ఆమె చూసిన పేజీని నేను మళ్ళీ చూడటం మూడో నెల నుంచే మానేశాను. నన్ను పెద్దసార్ అనేది.

మధ్యాహ్నం క్యారియర్లు విప్పినప్పుడు వాదనలు సాగేవి. ఒకనాడు వ్యవస్థాపకుడే మొదలుపెట్టాడు.

"సార్, రాజ్యాంగానికి వందకు పైన సవరణలు అయినాయి. ఒక్కదానికైనా మీ ఓటు అడిగినారా?"

"అడగలేదు. అసలు రాజ్యాంగాన్నే ప్రజల ఓటుకు పెట్టలేదు. రాసిన సభను కూడా దేశంలోని వయోజనులందరూ ఎన్నుకోలేదు."

"మరి అది ఎట్ల చెల్లుతుంది సార్?"

"ప్రజలు నేరుగా ఓటు వేయని సవరణ చెల్లదని నేను అనను. మనం పంపినవాళ్ళు చేశారు. ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, ఓటు వేసినవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. కొన్నిటికైతే సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. అదీ పద్ధతి."

పప్పు అన్నం కలుపుతున్న ప్రూఫ్ రీడర్ తల ఎత్తకుండా అంది. "పద్ధతి మంచిగనే ఉన్నది పెద్దసార్. మా ఊరు పంచాయతి ఉండె. మున్సిపాలిటీల కలిపిండ్రు. పద్ధతి ప్రకారమే కలిపిండ్రట."

"అయితే ఇంకేమి?"

"అడుగుతే మేము సరే అంటుంటిమేమో. అడగలే. గదే యాదికున్నది."

నేను ప్రతినిధుల గురించి ఇంకో పది వాక్యాలు చెప్పాను. ఆమె శ్రద్ధగా విని క్యారియర్ మూత పెట్టింది. ఆమె మాటకు నేను చెప్పినది జవాబు కాదని నాకు ఆ రోజు తోచలేదు.

కాలం గడిచింది. సంస్థ పెరిగింది. టిఫిన్ సెంటరు మీది గదులు వదిలి అద్దాల భవనంలో పదకొండో అంతస్తుకు మారాము. బయటి నుంచి పెట్టుబడి వచ్చింది. ఆ వెనకే సిబ్బంది వ్యవహారాలు చూడటానికి ఒక మేనేజరు వచ్చారు. కూకట్‌పల్లిలో ఉండే కోస్తా ఆయన, ప్రతి మాటకూ అండి చేర్చే మర్యాదస్తుడు. చాయ్ పెట్టే అక్క స్థానంలో యంత్రం వచ్చింది. అక్కకు వేరే చోట పని చూపించారని చెప్పారు. చూపించారో లేదో నేను విచారించలేదు. అదీ నేను తేదీలు రాసుకునే సొంత నోటుపుస్తకంలో రాసుకున్నాను, చాలా ఆలస్యంగా.

మార్చి మొదటి సోమవారం ఆ ఈమెయిల్ వచ్చింది. కొత్త ఏడో నిబంధన: సంస్థ అవసరాలనుబట్టి యాజమాన్యం ఎవరినైనా తొలగించవచ్చు. కొత్త పదకొండో నిబంధన: నిబంధనలను యాజమాన్యం ఎప్పటికప్పుడు మార్చవచ్చు. నేను దాన్ని చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి వీల్లేదు. కాని ఎలా చదివానో వినండి. నిబంధన మారుతున్నదని చదవలేదు. వాక్యాలు ఎన్ని, అక్షరం ఏ సైజులో ముద్రిస్తే చీటీ పాత పాఠం మీద సరిగ్గా కూర్చుంటుందని చదివాను. వారం రోజులు గడువు ఉందన్నది నాకు చీటీ తయారు చేసుకోవడానికి దొరికిన వ్యవధిలా కనిపించింది. అందరం ఒక కొత్త చట్టాల సంపుటిని విడుదల చేసే హడావుడిలో ఉన్నాం. ఒక్కరూ అభ్యంతరం రాయలేదు. నేనూ రాయలేదు.

రెండో సోమవారం మధ్యాహ్నం స్కేలు, కత్తెర, బంక తీశాను. చీటీ అంచులు పాత గీతలతో చక్కగా కలిశాయి. ఎప్పటిలాగే పొడి సంతకం పెట్టి తేదీ వేశాను. న్యాయశాఖలో ఆ సంతకానికి అర్థం ఒక్కటే: వచ్చిన పాఠమూ అంటించిన పాఠమూ ఒకటేనని సరిచూశాను. ఒక్క క్షణం మురిసిపోయి చూసుకున్నాను కూడా. చేతులు ఎవరు ఎత్తారు, ఎన్ని లేచాయి అని అడగవలసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. పదకొండో నిబంధనను రాసినవాణ్ణి నేనే. దాన్ని తొలగించడానికి దాన్నే పాటించాలని తెలిసినవాణ్ణీ నేనే.

ఏప్రిల్‌లో ప్రూఫ్ రీడర్‌ను గేటు దగ్గర ఆపేశారు. ఎందుకో నాకు ఈ రోజుకూ తెలియదు. తెలియకపోవడమే నా ఫిర్యాదు. ఆమె ఇంటికి పోయి ఏడుస్తూ కూర్చోలేదు. ఏడో నిబంధన ప్రకారం ముగ్గురి ఎదుట తన మాట వినాలని కాగితం మీద రాసి, రిసెప్షన్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుంది. అలా ముద్ర వేయించుకోవాలని నేర్పింది నేనే.

చివరి శుక్రవారం పిలిచారు. అద్దాల గదిలో వ్యవస్థాపకుడు, మేనేజరు, ఆమె, నేను. రిజిస్టరు తెమ్మన్నారు కనుక తీసుకెళ్ళాను. ఆమె మాట సరిగా వింటారని, ఏదో ఒక కారణం చెబుతారని నేను అనుకుంటున్నాను. మేనేజరు రిజిస్టరు అందుకుని ఏడో నిబంధన పేజీ తీసి ఆమె వైపు తిప్పారు.

"అమ్మా, మీరు చెప్పే నిబంధన ఇప్పుడు లేదండి. ఇదిగో చూడండి, మారిపోయింది. మీ పెద్దసారే సంతకం పెట్టారు కదండీ."

ఆమె చీటీని చూసింది. తరువాత నన్ను చూసింది.

"మీరు పెట్టిండ్రా పెద్దసార్?"

"పెట్టానమ్మా."

నేను రిజిస్టరు నా వైపు లాక్కుని, చీటీ కుడి అంచు కింద గోరు పెట్టి లేపాను. బంక ఎడమ అంచునే ఉంది. చీటీ తలుపులా తెరుచుకుంది. కింద నా చేతిరాతలో పాత ఏడో నిబంధన అలాగే ఉంది. పైకి చదివాను. చివరి పేజీ తిప్పాను. ఆమె తన వేలితో సంతకాలను ఒక్కొక్కటీ దాటుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది.

"కిందిదానికి నా సంతకం ఉన్నది. సార్‌ది ఉన్నది" అని వ్యవస్థాపకుణ్ణి చూపింది. "మీదున్న చీటీకి పెద్దసార్‌ది తప్ప ఎవ్వలది ఉన్నది?"

మేనేజరు నెమ్మదిగా సర్దిచెప్పబోయారు. "ఇదేమీ చట్టం కాదండి. మొదట్లో సరదాగా రాసుకున్న పుస్తకం."

"సరదాకు రాసుకున్నదైతే మార్చుడెందుకు సార్? అట్లనే ఉండనియ్యకపోతిరా?"

మేనేజరు కాగితాలు సర్దుకున్నారు. వ్యవస్థాపకుడు నా వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు. క్యారియర్ల దగ్గర వాదించినప్పటి చనువే ఉంది. అందుకే ఆ మాట మరింత లోతుగా దిగింది.

"సార్, మీరే చెప్పినారు కదా, జనాల్ని అడక్కపోయినా సవరణ చెల్లుతుందని. దేశానికే అట్ల చెల్లినప్పుడు మాకు చెల్లదా? పైగా మేము అడిగినాము. ఏడు దినాలు టైమిచ్చినాము. ఒక్కరూ వద్దనలేదు. మీరు గూడా అనలేదు. దేశం కన్నా మేమే నయం కదా సార్?"

మేనేజరు రిజిస్టరు మూసి, "ఇది ఇక మా దగ్గర భద్రంగా ఉంటుందండి" అని చంకలో పెట్టుకున్నారు.

లిఫ్టు దగ్గర ఆమె ఆగింది. కోప్పడుతుందనుకున్నాను. "పెద్దసార్, ఒక్క మాట అడుగుత. గా చీటీ ఎందుకు అంటించిండ్రు?"

నేను నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

"నోటితోటి చెప్పకుండ్రి. నోటి మాట గాలికి పోతదని మీరే అంటుంటిరి. రాసియ్యుండ్రి."

లిఫ్టు వచ్చింది. ఆమె అందులో కిందికి దిగిపోయింది. ఇప్పుడు ఖాజాగూడలో ఒక జిరాక్సు దుకాణంలో దరఖాస్తులు టైపు చేస్తోంది. ఒకసారి అటు వెళ్ళాను. స్కేలు పెట్టి ఎవరిదో అద్దె ఒప్పందం వరుస వరుసా చదువుతోంది. నన్ను చూసి కుర్చీ వేసింది, చాయ్ తెప్పించింది. రాసి తెచ్చారా అని మాత్రం అడగలేదు. నేనూ తీసుకెళ్ళలేదు.

వ్యవస్థాపకుడికి చెప్పవలసిన జవాబు ఆ శుక్రవారం సాయంత్రం రైల్లో, రెండు స్టేషన్ల మధ్య దొరికింది. మంచి జవాబులన్నీ నాకు రైల్లోనే దొరుకుతాయి. రాసుకున్నాను. పార్లమెంటు నన్ను అడగకుండా రాజ్యాంగాన్ని మార్చిన మాట నిజం. అందులో నాకు నచ్చనివీ ఉన్నాయి. పార్టీ ఆదేశం వస్తే సభ్యుడు తన బుద్ధిని ఇంట్లో పెట్టి రావలసి ఉంటుంది; కొన్ని సవరణలు నేను ఒక పుస్తకంలో చీటీలు అంటించినంత సేపట్లో గట్టెక్కాయి. ప్రూఫ్ రీడర్ చెప్పినట్లు, అడగలేదన్న సంగతి జనానికి యాదికి ఉంటుంది, ఉండాలి కూడా. అయినా అక్కడ సభ్యుడు లేచి అవుననో కాదనో చెప్పాలి. నోరు మెదపని సభ్యుణ్ణి అవునన్న వరుసలో కలిపే లెక్క నేను ఏ సభలోనూ చూడలేదు. ఉన్న పద్ధతి ప్రకారమే మార్చాలి. మార్చబోయే పద్ధతి ప్రకారం కాదు. హద్దు దాటితే కొట్టివేయడానికి పైన న్యాయస్థానం ఉంది. మార్చినవాళ్ళు మళ్ళీ మా గుమ్మం ముందుకు వచ్చి ఓటు అడగాలి. ఆరు మీద ఐదు ఎక్కింది అందుకే. మా సంస్థలో మమ్మల్ని తీసేయగలవాళ్ళు ఉన్నారు. మేము తీసేయగలవాళ్ళు ఎవరున్నారు?

ఈ జవాబును మూడు ఉత్తరాలుగా పంపాను. బదులు లేదు. జూన్ నెలాఖరున రాజీనామా ఇచ్చాను. దానికి మాత్రం నిమిషంలో అందినట్లు జవాబు వచ్చింది.

ఇక ప్రూఫ్ రీడర్‌కు నేను బాకీపడిన జవాబు. అమ్మా, ఆ చీటీ సరైనదని నేను నమ్మి అంటించలేదు. భయపడీ అంటించలేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. వచ్చిన చీటీని అంటించడమే నా పని అని నా చేతులకు అలవాటై, వచ్చినది ఎక్కడి నుంచి, ఎవరి ఓటుతో వచ్చిందో అడగడం నేను ఎన్నడూ నేర్చుకోలేదు. న్యాయశాఖలో ఆ ప్రశ్న మాకంటె ముందు చాలామంది అడిగేవారు, కనుక నాకు అవసరం పడలేదు. ఇక్కడ అడగవలసినవాణ్ణి నేనే అయ్యాను, అడగలేదు. నీ హక్కు మీద చీటీ వాళ్ళు రాశారు. దానికి విలువ తెచ్చినది నా సంతకం. ఇది నా రాతపూర్వక సమాధానం. దీని నకలు ఒకటి నీకు స్వయంగా అందజేస్తాను. అందినట్లు సంతకం పెట్టమని అడగను.

సంస్థ వ్యవస్థాపకులను ఇందుమూలంగా కోరుతున్నది ఏమనగా: మార్చి నెల సవరణ నాటికి అమలులో ఉన్న పదకొండో నిబంధన ప్రకారం సభ ఏ రోజున జరిగింది, అందులో ఎవరెవరి చేతులు లేచాయి, ఎన్ని లేచాయి? ఆ సభ జరగకపోతే, మీ మొదటి సంతకంతో ఉన్న నిబంధనను ఏ అధికారంతో తొలగించారు? మా ప్రూఫ్ రీడర్‌ను తీసేసిన కారణం ఏమిటి? ఈ మూడింటికీ ఆమెకూ నాకూ రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి.

మరొక్క విన్నపం. రిజిస్టరును ఒక్క పూట నా ముందు పెట్టించండి. మీ చీటీని నేను పీకను. దాని మీద, ఎడమ అంచున సన్నగా బంక పూసి, నాది ఒక చీటీ అంటిస్తాను: "కింది సవరణకు ఎవరూ చేతులు ఎత్తలేదు. ఇది తెలిసి కూడా ధ్రువీకరించినది నేను." కింద పూర్తి సంతకం పెడతాను. మూడు పొరలూ ఉండాలి.

గడువు ఏదీ విధించడం లేదు. అయితే మీరు మౌనంగా ఉంటే నేను దాన్ని సమ్మతిగా గాని, నిరాకరణగా గాని లెక్కించబోవడం లేదు. జవాబు రాలేదని తేదీ వేసి రాసుకుంటాను. వచ్చేదాకా ప్రతి సోమవారం రాసుకుంటూనే ఉంటాను.